ఎటు నుంచి చూసినా

నా దగ్గర ఏడు వందల యాభై సెడీలున్నాయి,
రానూపోనూ ట్రోట్రో డబ్బులు పక్కన పెట్టాక.
మధ్యాహ్నం కెంకే, వేయించిన చేప మానేస్తే
ఇంకో ముప్ఫై.

అక్రాలో సర్కిల్ దగ్గర అల్హసన్ కొట్టు.
ఏ చలిదేశపు ఆఫీసులోనో అలసిపోయి
ఓడెక్కి వచ్చిన మానిటర్లు
గోడకి ఆనుకుని నిలబడ్డాయి,
వీపుల మీద ఇంకా ఎవరివో నంబర్ల చీటీలతో.
హర్మటాన్ గాలి అన్నిటికీ ఒకే పౌడరు పూసింది.

"ఏం పని చేస్తావ్?" అన్నాడు.
ధర తర్వాత చెబుతాడు, ముందు అదే అడుగుతాడు.
"చావు పోస్టర్లు."
నవ్వలేదు. ఇక్కడెవరూ నవ్వరు.
మనిషి పోతే వీధి మలుపులో
నిలువెత్తు ఫ్లెక్సీ లేవాలి:
పేరు, వయసు, పిల్లల వరస,
మధ్యలో ముఖం.
ఆ ముఖం నా పని.

ఇంట్లో ఉన్నది టీఎన్.
చవగ్గా దొరికింది, మెరుపులా కదులుతుంది.
కదలని వాళ్ళతో పని నాది,
ఆ వేగం ఏం చేసుకోను?

మొన్న ఆషైమన్‌లో నా గదికి
అకుయో గారి వాళ్ళు ఐదుగురొచ్చారు.
నేను కుర్చీలో, వాళ్ళు నా చుట్టూ.
నిలబడ్డ పెద్దకొడుకు
"అమ్మ ఇంత పాలిపోయి ఉండేది కాదు" అన్నాడు.
చాప మీద కూర్చున్న మనవరాలు
"బొగ్గైపోయింది మా నానమ్మ" అని ఏడుపు.
కిటికీ పక్క కోడలికి పసుపు,
తలుపు దగ్గర తమ్ముడికి నీలం,
ఐదో ఆయన కళ్ళజోడు మర్చిపోయాడు.
సరైన అకుయో నా ఒక్కదానికే కనబడుతోంది,
ఆవిణ్ణి బతికుండగా చూడనిదాన్ని నేనొక్కదాన్నే.

మాటా మాటా పెరిగింది.
తగువు అసలు చేపల షెడ్డు గురించట,
తర్వాత తెలిసింది.
అయినా ఫ్లెక్సీ రెండుసార్లు అచ్చేశాను,
రెండోది నా ఖర్చు.

అల్హసన్ ముందు వీఏ వెలిగించాడు.
అబ్బ, ఆ నలుపు!
బావిలోకి తొంగి చూసినట్టు.
"సంతాపం బట్టకి ఇంతకంటే ఏం కావాలి? ఏడు వందలు."
చెయ్యి సంచిలోకి దానంతటదే వెళ్ళింది.
ఫొటో పక్కకి జరిపి చూశాను.
తలగుడ్డ అంచు నల్లగా సాగి వెంట వచ్చింది,
వదల్లేక వదల్లేక.
నేను పక్కకి జరిగాను.
ఆవిడ బుగ్గ మీద పలచగా బూడిద.

ఐపీఎస్ తొమ్మిది వందల యాభై.
బేరం ఆడుతూ
ఎంతసేపటికీ కుడి మూల వదలడు.
"బొటనవేలు తియ్యి" అన్నాను.
కింద ఒక ఎర్ర చుక్క, ఎప్పటికీ ఆరనిది.
ఎనిమిది వందలైంది.
నేను చుక్క వైపే చూస్తూ కూచున్నాను.
ఏడు వందల ఎనభై.

పెన్‌డ్రైవ్ పెట్టి అకుయోని తెరిచాను.
తల మీద నీళ్ళ ప్యాకెట్ల గిన్నెతో పోతున్న పిల్లని
ఆగి చెప్పమన్నాను, ఏ రంగని.
ఆగకుండానే అంది: "వేయించిన కోకో గింజ."
అటువైపు ఛార్జర్లమ్మే కుర్రాడు,
"అవును, కోకోనే."
మెట్ల మీంచి, స్టూలు మీంచి, గుమ్మం బయటినుంచి
ఒకే ఆడమనిషి.

నలుపు మాత్రం, నిజం చెప్పాలి,
ఉతికి ఉతికి వెలిసిన నలుపు.
మూలల్లో తెల్లటి పొగ.
పోనీ. నలుపు నాకు కంఠతా వచ్చు,
అచ్చులో దాని అంకె తెలుసు,
కళ్ళు మూసుకుని వేస్తాను.
ముఖం అలా కాదు.
ఏ ముఖమూ రెండోసారి రాదు.

ట్రోట్రోలో మేటు దానికీ సీటు డబ్బులడిగాడు.
"నా దగ్గర తిండికే లేవు" అన్నాను, అబద్ధం కాదు.
ఒళ్ళో పెట్టుకున్నాను, తెర నా వైపు తిప్పి.
ఆ దుమ్ములో ఒక ముఖం ఊగుతూ వచ్చింది
ఆషైమన్ దాకా,
ఏ రంగో తెలియకుండా.